మంచుదేశంలో మన డకోటాలు

నిజాం జమానాలో బేగంపేట నుంచి ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్ గురించి మన బుజుర్గుల నోట వినే ఉంటారు. వాళ్లు నడిపినవి డకోటాలు, అంటే డగ్లస్ డీసీ-3 విమానాలు. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అదే రకం విమానాలను 21వ శతాబ్దంలోనూ ముసాఫిర్లతో నడిపిన ఖాందాన్ ఒకటి కెనడా ఉత్తరాన ఉంది.

బఫెలో ఎయిర్‌వేస్ 1970లో జో మెక్‌బ్రయన్ చేతికి వచ్చింది. గ్రేట్ స్లేవ్ సరస్సుకు దక్షిణాన హే రివర్, ఉత్తరాన యెల్లోనైఫ్. సరస్సు చుట్టూ తిరిగి రోడ్డున వెళ్తే దాదాపు 480 కిలోమీటర్లు. విమానంలో గంట కూడా పట్టదు. దారిలో మెకంజీ నది అడ్డం. వేసవిలో పడవ దాటించేది, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు నడిచేవి. మంచు కట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో రెండూ బంద్. అప్పుడు యెల్లోనైఫ్ జనానికి తాజా కూరగాయలు, పాలు ఆకాశం నుంచే రావాలి. 2012 నవంబర్‌లో వంతెన తెరిచేదాకా ఇదే హాలత్. ఆ రిజ్క్ మోసిన వాళ్లలో బఫెలో ఒకటి.

పాత విమానాలే ఎందుకు? అవి గట్టివి, కొనడానికి చవక, గతుకుల రన్‌వేల మీదా దిగుతాయి. కానీ మైనస్ 40 డిగ్రీల్లో ఆయిల్ చిక్కబడుతుంది. ఇంజిన్‌ను ముందుగా వేడిచేయనిదే స్టార్ట్ కాదు. మెకానిక్‌లది రాత్రింబవళ్ల మెహనత్. కొడుకుల్లో రాడ్ మరమ్మతులు, మైకీ మేనేజ్‌మెంట్ చూసుకున్నారు. తండ్రి స్వయంగా కెప్టెన్ సీట్లో కూర్చునేవాడు. 2009లో మొదలైన 'ఐస్ పైలట్స్' టీవీ సిరీస్‌తో ఈ ఖాందాన్ దునియాకంతా మషూర్ అయింది.

2013 ఆగస్టు 19న యెల్లోనైఫ్‌లో వీళ్ల డీసీ-3 ఒకటి లేచిన వెంటనే కుడి ఇంజిన్‌కు నిప్పంటుకుంది. చెట్లను తాకి, రన్‌వే చేరకముందే నేలమీద పడింది. లోపల 24 మంది. ఎవరికీ పెద్ద గాయాలు కాలేదు, అల్‌హమ్దులిల్లాహ్. తహ్‌ఖీఖాత్‌లో తేలింది వేరే సంగతి. విమానం పరిమితికి మించిన బరువుతో లేచింది. ఎగిరే ముందు ఆ బరువును సరిగ్గా లెక్కగట్టనే లేదు. కంపెనీ భద్రతా పద్ధతులు పనిచేయలేదు, ప్రభుత్వ నిఘా కూడా చాలలేదు. 2015 చివర్లో సర్కారు లైసెన్సును ఆపేసింది. 2016 జనవరిలో తిరిగి ఇచ్చింది.

ఈ ఖాందాన్ హిమ్మత్‌కు సలాం చేయాల్సిందే. కానీ ముసాఫిర్ ప్రాణం అమానత్. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని మనకు నేర్పారు. నలభై ఏళ్ల తజుర్బా ఉన్నా తూకం వేయక తప్పదు. ఇది విమానాలకే కాదు, తండ్రి నుంచి కొడుకులకు వచ్చే ప్రతి తిజారత్‌కూ వర్తిస్తుంది. పేరు వారసత్వంగా వస్తుంది. మీజాన్ మాత్రం ప్రతి పొద్దునా కొత్తగా పట్టుకోవాలి.