పన్నులో పాళ్ళు: కలవారెంత, లేనివారెంత?



గ్రామమున చెఱువుగండి పూడ్చవలసివచ్చినను, దేవాలయమునకు సున్నము కొట్టింపవలసివచ్చినను పెద్దలు చావడిలో గూర్చుండి మొట్టమొదట తేల్చుకొను ప్రశ్న యొకటి కలదు. చందా యింటికింతయని వేయుదమా, ఎకరమునకింతయని వేయుదమా? ఇంటికింత యన్నచో ఇరువది యెకరముల మాగాణి గల రైతును, కూలికిబోయి గంజి త్రాగువాడును ఒక్కటే యియ్యవలెను. ఎకరమునకింత యన్నచో భూమిలేనివాడు తప్పించుకొనును, భూమిగలవాడు గొణుగుకొనును. ఈ చావడిప్రశ్నయే రాజ్యములకును ప్రశ్న. కలవారు లేనివారికంటె హెచ్చు పన్ను నియ్యవలెనా? ఇయ్యవలెనన్నచో ఎంత హెచ్చు? ఈ విషయమున మన విశాఖమండలమును, మన దేశమును గడచివచ్చిన మార్గ మెట్టిదో నేడు మనవి చేయుదును.

మన ప్రాచీనులు పన్నును రాజు చేయు రక్షణకు కూలిగా నెంచిరి. పంటలో ఆఱవపాలు రాజునకు చెల్లునని ధర్మశాస్త్రములందు ప్రసిద్ధము. జలగయు, దూడయు, తుమ్మెదయు తమ యాహారమును కొంచెము కొంచెముగా గ్రహించునట్లు రాజు పన్ను గ్రహింపవలెనని మనుస్మృతి యుపమానము చెప్పినది. ఆఱవపాలనగా పండినదానిలో పాలు. అఱువది పుట్లు పండినవాడు పది పుట్లు కొలుచును. ఆఱు పుట్లు పండినవాడు ఒక పుట్టి కొలుచును. చూచుటకిది సమముగానే యున్నది. కాని మొదటివానికి ఏబది పుట్లు మిగిలినవి. రెండవవానికి ఐదు మాత్రమే. మొదటివాడిచ్చిన పది పుట్లును గాదెలో నిలువయుండదగినవి. రెండవవాడిచ్చిన యొక్కపుట్టియు బిడ్డల నోటిముందరిది.

ఈ భేదమును కౌటిల్యుడు గుర్తించెను. బొక్కసము వట్టిపోయి ఆపద వచ్చినపుడు వర్తకులవద్ద నెట్లు వసూలు చేయవలెనో అర్థశాస్త్రమున నొక పట్టిక కలదు. బంగారము, వెండి, వజ్రములు, ముత్యములు, ఏనుగులు, గుఱ్ఱములు విక్రయించువారు 50. నూలు, వస్త్రములు, రాగి, ఇత్తడి, ఔషధములు విక్రయించువారు 40. ధాన్యము విక్రయించువారు 30. గాజుసామగ్రి వర్తకులును నేర్పరులగు శిల్పులును 20. చిన్నపనివారు 10 చొప్పున నియ్యవలెనట. సరుకు విలువ హెచ్చినకొలది పన్నును హెచ్చినది. ఇట్టి కోరిక ఒక్కమాఱే గాని రెండవమాఱు చేయరాదనియు నాతడే నిషేధించెను. ఈ గ్రంథమును శామశాస్త్రిగారు 1909లో మైసూరున ముద్రింపించిన పిదపనే లోకమునకు సమగ్రముగ దెలిసినది. కావున కలిమినిబట్టి పన్ను అనునది నిన్న మొన్న పరదేశమునుండి దిగుమతియైన సరుకు గాదు.

ఇక మన మండలమునకు వత్తము. 1765లో మొగలు పాదుషా ఫర్మానాచే ఉత్తర సర్కారులు కుంపిణీవారికి దఖలుపడెను. 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషనుచే శాశ్వత పైసలా వచ్చెను. జమీందారు సర్కారునకు గట్టవలసిన పేష్కషు ఆ యేట నిర్ణయమై, ఇక నెన్నటికిని మాఱకుండ నిలిచిపోయెను. ఆనాటి కది తేలికయైనదేమియు గాదు. వసూళ్ళలో సుమారు మూడింట రెండుపాళ్ళు సర్కారునకు బోయెడివి. కాని కాలము నిలువలేదు. బంజరులు సాగులోనికి వచ్చెను, ధాన్యపు ధరలు పెరిగెను, శిస్తులును పెరిగెను. దృష్టాంతముగా 1802లో మూడువేల రూపాయలు వసూలగు ఎస్టేటు రెండువేలు పేష్కషు గట్టెననుకొందము. జమీందారునకు మిగులు వేయి. తరువాత వసూళ్ళు తొమ్మిదివేలకు బెరిగినచో పేష్కషు ఆ రెండువేలే, మిగులు ఏడువేలు. సంపద మూడింతలు గాగా మిగులు ఏడింతలైనది, పన్ను మాత్రము కానియైనను పెరుగలేదు. ఆ ప్రక్కనే సర్వసిద్ధి, గోలుగొండ తాలూకాల రైతువారీ గ్రామములలో సుమారు ముప్పదియేండ్లకొకమాఱు పైమాయిషీ, బందోబస్తు సవరించుచు సర్కారువారు శిస్తు పెంచవచ్చును. పెద్దవాని పన్ను శిలాశాసనమైనది. చిన్నవాని పన్ను పలకమీది వ్రాతయైనది.

సేద్యము లేనివారి గతియు చూడుడు. చెన్నరాజధానిలో మొతర్ఫా యని యొక పన్ను ఉండెడిది. సాలెవాని మగ్గముమీదను, తెలికలవాని గానుగమీదను, చేతిపనివారి వృత్తులమీదను వేసెడివారు. మగ్గము నడచినను, నూలులేక నిలిచినను పన్ను పన్నే. పన్నుల వసూలులో జరిగిన హింసలను విచారించుటకు నియమింపబడిన సంఘము 1855లో నివేదిక సమర్పించెను. ఎండలో నిలువబెట్టుట, వంగదీసి కట్టివేయుట మున్నగు దౌష్ట్యము లందు నమోదైనవి. ఇయ్యగలవానివద్ద వసూలు చేయుటకు హింస యక్కఱలేదు. ఇయ్యలేనివానివద్ద వసూలు చేయబూనుటయే హింసకు మూలము.

1857 సంగ్రామానంతరము సర్కారు బొక్కసము వట్టిపోగా, విల్సను దొర 1860లో మన దేశమునకు ఆదాయపు పన్నును తెచ్చెను. సంవత్సరమునకు 200 రూపాయలలోపు రాబడిగలవారికి పన్ను లేదు. 200 మొదలు 500 లోపు నూటికి రెండు. ఆపైన నూటికి నాలుగు. భూమివలని రాబడికిని ఇది తగులును. దీనికి మొట్టమొదట అడ్డుతగిలినవాడు మన చెన్నపట్టణపు గవర్నరు సర్ చార్లెసు ట్రెవెలియను. క్రొత్తపన్నులు వేయుటకంటె ఖర్చులు తగ్గించుట మేలని యాతని వాదము. ఆ వాదమును పత్రికలకెక్కించినందున ఆయేడే ఆయనను పదవినుండి వెనుకకు బిలిపించిరి. 1862లో ఆయనయే ఆర్థికసభ్యుడై తిరిగివచ్చెను. 1865లో ఆ పన్ను ముగిసెను. ఈ కథలో మఱియొక పాఠమున్నది. 1862లోనే 500 రూపాయలలోపు రాబడులను పన్నునుండి విడిచిపెట్టిరి. ఏలయన చిన్నవారు వేలకొలది యుందురు, వారివలన వచ్చునది స్వల్పము, వారు పడు బాధ మెండు.

1886లో ఆదాయపు పన్ను స్థిరముగా వచ్చినపుడు భూమివలని రాబడిని దానినుండి తొలగించిరి. భూమి శిస్తు మోయుచునే యున్నది గదా, రెండవబరువేల యనిరి. రైతువారీ రైతు విషయమున ఈ మాట న్యాయమే. కాని 1802 నాటి పేష్కషుతో నిలిచిపోయిన జమీందారు విషయమున నిది యెట్లు చెల్లును? ఫలితముగా నెలకు 42 రూపాయల జీతగాడు రూపాయికి నాలుగుపైసల చొప్పున ఏటికి పదిరూపాయల పైచిల్లర గట్టెను. లక్షలు శిస్తు వసూలు చేయువారు ఆ పన్ను దమ్మిడీయైనను గట్టలేదు. 1938లో ప్రకాశం పంతులుగారి అధ్యక్షత నేర్పడిన సంఘము జమీందారీ రైతు శిస్తులు 1802 నాటి మట్టమునకు రావలెనని సిఫారసు చేసెను. 1948 నాటి ఎస్టేటుల రద్దుచట్టముతో ఆ యధ్యాయము ముగిసెను.

అన్నిటికంటె స్పష్టమైన దృష్టాంతము ఉప్పు. 1930లో మణుగు ఉప్పునకు పన్ను రూపాయిన్నర్ధపావలా గాదు, సరిగా రూపాయిపావలా. ఇది మన పాత మద్రాసు మణుగు గాదు. 82 పౌనుల పెద్దమణుగు. ఐదుగురు గల యింటికి ఏటికొక పెద్దమణుగు ఖర్చగుననుకొందము. రోజునకు నాలుగణాల కూలివానికి ఆ పన్ను ఐదుదినముల కష్టము. నెలకు వేయిరూపాయల రాబడిగలవానికి అదే పన్ను ఒక్కగంట రాబడియైనను గాదు. పైగా ఎండలో చెమటోడ్చువానికి ఉప్పు హెచ్చు కావలయును. పేదవాడు ధనికునికంటె హెచ్చు తినవలసిన వస్తు విదియేయని గాంధీమహాత్ముడు ఆ యేడు మార్చి 2వ తేదీని వైస్రాయికి వ్రాసిన లేఖలో జూపెను. ఏప్రిల్ 6వ తేదీని దండిలో నాతడు ఉప్పు చేపట్టగా, మన తీరమందును సత్యాగ్రహులు సముద్రజలము మరగించి లాఠీదెబ్బలు తినిరి. అందఱికి నొక్కటేయైన పన్ను సమమైన పన్ను గాదని ఆనాడు నిరక్షరకుక్షులకును దెలిసినది. 1947లో ఆ పన్ను తొలగెను.

ఇక పూర్వపక్షము. కలవాడు కష్టపడి గడించెను, అతనివద్ద హెచ్చు గైకొనుట శ్రమకు శిక్షగాదా? గాదేమో యనరాదు, హద్దుమీఱిన శిక్షయే. దీనికి స్వతంత్రభారతమే సాక్ష్యము. 1973-74లో అత్యున్నతపు మెట్టున ఆదాయపు పన్ను, దానిపై సర్‌ఛార్జి గలిసి నూటికి 97.75 వఱకు బోయెను. నూఱురూపాయలలో రెండున్నరయైనను మిగులనిచో నెవడు లెక్క చూపును? ఎక్కువరేట్లే లెక్కలు దాచుటకు గారణమని వాంఛూ సంఘము 1971లోనే చెప్పెను. పిమ్మట రేట్లు దిగివచ్చినవి. 1953లో వచ్చిన మృతుల ఆస్తిపన్ను 1985లోను, 1957లో వచ్చిన సంపదపన్ను 2015లోను రద్దయ్యెను. ఆవును బిదుకువాడు రక్తము వచ్చువఱకు బిదికినచో ఆవు తన్నును. ఆపై పాలును ఉండవు.

అందఱిని రాజ్యము సమముగా రక్షించుచున్నది గదా, అందఱు సమముగ నియ్యవలదా యనునది రెండవ యాక్షేపము. దొంగభయము గాదెలున్నవానికా, కుండ యొక్కటియున్నవానికా? రిజిష్ట్రాఫీసును, కోర్టును, పోలీసును హెచ్చుగ వాడుకొనునది ఆస్తిగలవాడే. రక్షణ హెచ్చు పొందినవాడు కూలి హెచ్చిచ్చుట న్యాయమే గదా.

మఱి పేదవాడు నేడు పన్ను గట్టుటలేదా? కట్టుచున్నాడు, తెలియకుండ గట్టుచున్నాడు. చెన్నరాజధానిలో 1939లో రాజాజీగారి మంత్రివర్గము అమ్మకపు పన్ను తెచ్చెను. 2017 జూలై నుండి దేశమంతట వస్తుసేవల పన్ను వచ్చెను. అగ్గిపెట్టెకొన్నను, సబ్బుకొన్నను ధరలోనే యది యిమిడియుండును. కొనువాడు కూలివాడా, కోటీశ్వరుడా యని సబ్బు చూడదు. ఉప్పును మాత్ర మీ పన్నునుండి విడిచిపెట్టిరి; పాతపాఠము మఱువలేదన్నమాట. మన అనకాపల్లి బెల్లము సంగతి చూడుడు. 2022 జూలై 18 నుండి పొట్లముకట్టి పేరుచీటి యంటించి యమ్ము బెల్లమునకు నూటికైదు వేసిరి. విడిగ తూచియమ్ము బెల్లమునకు లేదు. పేదవాడు కొనురూపమును విడిచి మఱియొకరూపముపై వేయుటయు కలిమిలేములను జూచుట యందొక విధమే.

కావున నా సిద్ధాంతము మూడుమాటలు. బ్రదుకుటకు గావలసినదానిపై పన్ను కూడదు. అటుపైన మిగులు హెచ్చినకొలది పాలును మెట్టుమెట్టుగ హెచ్చవలెను. మిగులునుబట్టి పాలు గాని తలనుబట్టి పాలు గాదు. ఆ మెట్టు కలవానిని దొంగగా మార్చునంత నిట్టనిలువుగ నుండరాదు. ట్రెవెలియను మాటయు దీనికి జేర్చుకొనవలెను: వసూలైనది వ్యర్థముగ ఖర్చగుచో ఏ పాళ్ళును న్యాయము గావు.

పెద్దలారా, ఢిల్లీలో వేయు పన్ను మన చేతిలో లేదు. చావడిలో వేయు చందా మన చేతిలోనిదే. రేపు చెఱువుకట్టకు లెక్క వ్రాయునపుడు చెఱువునీరు పారు ఎకరములనుబట్టి పాళ్ళు వేయుడు. భూమిలేనివాడు ఒకపూట మట్టితట్ట మోసినచో నదియే యతని చందాగా జమకట్టుడు. లెక్కను గోడమీద వ్రాయుడు. గొణుగువారు గొణుగకపోరు, కాని ఆ లెక్క తప్పని నలుగురిలో నిలిచి చెప్పగలవా డుండడు.