రక్తనాళాలు మొలిపించే రేణువులు

1661లో ఇటలీ వైద్యుడు మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలను చూశాడు. ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన చేరుతుందన్న ప్రశ్నకు రక్తప్రసరణను వివరించిన హార్వేకు చిక్కని జవాబు అలా దొరికింది. ఆ నాళికలను కావాలని మొలిపించాలన్న ఆలోచన బలపడడానికి మాత్రం మూడు వందల ఏళ్లు దాటింది. అదీ క్యాన్సర్ పుణ్యమే. కొత్త రక్తనాళాలు అందకపోతే కణితి కొద్ది మిల్లీమీటర్లు దాటి పెరగదని 1971లో బోస్టన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ అన్నాడు. నాళాలను రప్పించే ప్రోటీన్ వీఈజీఎఫ్ 1989లో చేతికి చిక్కింది. కణితికి ఆపాలనుకున్న దాన్నే మానని పుండుకు, నీరసించిన గుండెకు ఇస్తేనో?

ఇచ్చి చూశారు. ఆ ప్రోటీన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గుండె రోగుల మీద జరిపి 2003లో వెలువరించిన వివా పరీక్ష ఫలితాల్లో, 60వ రోజున ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే, మందు పడ్డవాళ్లకూ ఉత్తుత్తి మందు పడ్డవాళ్లకూ తేడా కనిపించలేదు. మరో ప్రోటీన్ బెకాప్లెర్మిన్ 1997లోనే షుగర్ రోగుల కాలిపుండుకు జెల్‌గా అనుమతి పొందింది. దానికి 2008లో అమెరికా ఎఫ్‌డీఏ క్యాన్సర్ హెచ్చరిక తగిలించి, 2018లో తీసేసింది. ఈ రంగంలో భయం ఎప్పుడూ ఆ వైపు నుంచే.

ప్రోటీన్లతో ఇన్ని చిక్కులుండగా, నానో పదార్థాలు ఈ సందులోంచి వచ్చాయి. మేయో క్లినిక్‌లో ప్రియబ్రత ముఖర్జీ బృందం 2005లో బంగారు రేణువులు వీఈజీఎఫ్ పనిని అడ్డుకుంటాయని చూపింది. అదే బృందం 2008లో యూరోపియం హైడ్రాక్సైడ్ నానోకడ్డీలు నాళాలను పెంచుతాయని తేల్చింది. పాత టీవీ తెరకు ఎరుపు ఇచ్చిన మూలకమే యూరోపియం! కణంలో స్వల్పంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి, దాన్నే సంకేతంగా వాడుకోవడం ఈ కడ్డీల కిటుకు. ఆ బృందంలోని చిత్తరంజన్ పాత్ర తర్వాత హైదరాబాద్‌లోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీకి వచ్చి, జింక్ ఆక్సైడ్ నానోపువ్వులతో (2012), గ్రాఫీన్ ఆక్సైడ్‌తో ఈ పని కొనసాగించారు.

ఈ పరిశోధనల్లో వాడే పరీక్ష చూడముచ్చటైనది. పొదిగిన కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పలుచని పొర మీద పదార్థం వేస్తారు. కొన్నాళ్లకు ఎర్రటి కొమ్మలు ఎన్ని చీలాయో లెక్కపెడతారు.

గుడ్డులో చీలిన కొమ్మ మనిషి కాలిపుండులో చీలుతుందన్న హామీ లేదు. పని ముగిశాక ఆ కడ్డీలు ఒంట్లోంచి ఎలా పోతాయి, నాళాల పెరుగుదల ఎక్కడ ఆగుతుంది అన్నవి తేలేదాకా వీటిని మందు అనకూడదు. యూరోపియం కడ్డీలు ఇంకా ఆస్పత్రి గడప తొక్కలేదు.