పడిపోయిన చేయికి మళ్లీ పాఠం: అద్దం నుంచి యంత్రం దాకా

గోదావరిఖని బొగ్గు గనిలో ఏళ్ల తరబడి తట్ట ఎత్తిన కుడిచేయి, ఒక ఉదయం పక్షవాతంతో ఒళ్లో వాలిపోయిందనుకోండి. "ఇక ఇంతే" అని ఇంటిల్లిపాదీ నిట్టూరుస్తారు. పెద్దల మెదడు కొత్తగా నేర్వదని ఒకప్పుడు వైద్యలోకమూ నమ్మింది. ఆ నమ్మకం సడలిన కథను మీ ముందుంచుతున్నాను.

1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. నేడు మనం ఇ.ఇ.జి. అంటున్నది అదే. ఆ తరంగాలతో యంత్రాలను నడపవచ్చునన్న ఆలోచనకు 1973లో జాక్ విడాల్ 'బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్' అని పేరు పెట్టాడు. అంతకు ముందే, 1968లో, ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను రూపొందించాడు. వర్చువల్ రియాలిటీకి అది తొలి అడుగు.

ఈ రెండు దారులకూ పక్షవాతంతో సంబంధమేమిటని మీరడగవచ్చు. జవాబు ఒక మామూలు అద్దంలో ఉంది. తమిళనాట పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, తెగిన చేతిలో నొప్పి పడేవారికి 1990లలో అద్దం చూపాడు. 1999లో ఆయన బృందం తొమ్మిది మంది పక్షవాత రోగులపై అదే ప్రయత్నించింది. కదిలే చేయి ప్రతిబింబం, కదలని చేయి ఉన్న చోట కనబడుతుంది. కదపాలన్న సంకల్పానికి కంటి ముందు ఫలితం కనబడితే మెదడు కొత్త దారులు వెదకుతుంది.

వర్చువల్ రియాలిటీ ఆ అద్దాన్ని తెర మీదికి తెచ్చింది. మెదడు-యంత్ర సంధానం మరో అడుగు వేసింది: రోగి చేయి కదపాలనుకోగానే మారే తరంగాన్ని కంప్యూటరు గుర్తించి, చేతికి తొడిగిన యంత్రంతో వేళ్లను తెరిపిస్తుంది. అటువంటి 'ఇప్సిహ్యాండ్' పరికరానికి 2021లో అమెరికా ఎఫ్‌.డి.ఎ. అనుమతి లభించింది. దెబ్బ తినని అర్ధగోళం సంకేతాలనే అది చదువుతుంది.

అయినా యంత్రాన్ని దేవుణ్ణి చేయకండి. 72 పరిశోధనలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్షలో, చేతి కదలిక విషయంలో వర్చువల్ రియాలిటీ మామూలు ఫిజియోథెరపీని మించలేదు. దానికి తోడుగా అదనపు సాధనగా మాత్రం మేలు చేసింది.

మూతి వంకరపోయినా, చేయి జారినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. గడ్డను కరిగించే మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. ప్రాణాపాయం తప్పాక, ఫిజియోథెరపిస్టు నేర్పిన సాధనను రోజూ చేయించండి. అద్దం ఉపయోగపడుతుందేమో వారినే అడగండి. ఖరీదైన యంత్రం మన ఊరికి ఎప్పుడొస్తుందోనని ఎదురుచూస్తూ చేతిని ఒళ్లో ఉంచేయకండి. నేర్చుకునేది మెదడే; దానికి కావలసింది ప్రయత్నం, ఓపిక, పక్కన ఒక మనిషి.