పాలకుర్తి గుట్ట: పక్కపక్క గుహల్లో హరిహరులు

జనగామ జిల్లా పాలకుర్తి మండల కేంద్రాన్ని ఆనుకుని ఉన్న రాతి గుట్ట మీద శ్రీ సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి దేవస్థానం ఉంది. రెండు సహజమైన గుహలే ఇక్కడ గర్భాలయాలు. ఒకదానిలో సోమేశ్వరుడు, పక్కదానిలో లక్ష్మీనరసింహుడు. ఇద్దరినీ స్వయంభువులుగానే కొలుస్తారు. శివాలయ ప్రాంగణంలో విష్ణువుకో, విష్ణ్వాలయంలో శివుడికో ఒక చిన్న గుడి కట్టడం తెలుగు నేల మీద మామూలే. ఒకే గుట్టలో ఇద్దరికీ సరిసమానమైన చోటు దక్కడం, దేవస్థానం పేరులోనే ఇద్దరూ కలిసి ఉండడం మాత్రం అరుదు. ఈ క్షేత్రం ప్రత్యేకత అంతా అందులోనే ఉంది.

గుట్ట పైన చూడవలసిన మరో విశేషం ప్రదక్షిణ మార్గం. పెద్ద బండ నిలువునా చీలినట్టుండే ఇరుకు సందులోంచి భక్తులు ఒకరి వెనుక ఒకరుగా నడిచి గుహాలయాన్ని చుట్టి వస్తారు. ఒక ముసలమ్మ గుట్ట చుట్టూ తిరగలేక స్వామిని వేడుకుంటే, ఆమె కోసం కొండే రెండుగా చీలి దారి ఇచ్చిందని స్థలపురాణం. తెలంగాణ గ్రానైటు గుట్టలు పగుళ్ల వెంట ఇలా విడివడడం ప్రకృతి సహజమే. అయినా ఆ సందులో రాతిని చేత్తో తడుముతూ నడిచే వారికి ముసలమ్మ కథే ముందు గుర్తుకొస్తుంది. మహాశివరాత్రికి ఇక్కడ బ్రహ్మోత్సవాలు, కళ్యాణం, జాగారం జరుగుతాయి. కార్తీకమాసంలోనూ రద్దీ ఎక్కువే. ఆలయ నిర్వహణ దేవాదాయ శాఖ చూస్తుంది.

ఊరి పేరును సాహిత్యంలో నిలిపినవాడు పాల్కురికి సోమనాథుడు. ఆయన కాలం గురించి పండితులు ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. మొదటి ప్రతాపరుద్రుని నాటివాడని కొందరు, రెండవ ప్రతాపరుద్రుని నాటివాడని కొందరు అంటారు. ఎటు చూసినా కాకతీయుల ఏలుబడే. జన్మస్థలం కర్ణాటకలోని హాల్కురికి అన్న వాదమూ ఒకప్పుడు గట్టిగానే వినిపించింది గానీ, ఓరుగల్లు సీమలోని ఈ పాలకుర్తికే తెలుగు పండితులు మొగ్గారు. ఇక్కడి సోమేశ్వరుడి పేరే కవికి పెట్టారని స్థానికుల నమ్మకం.

సంస్కృత వృత్తాలను పక్కనపెట్టి, పామరుల నోట పలికే ద్విపదలో సోమనాథుడు బసవపురాణం చెప్పాడు. చాకలి మడివాలు మాచయ్య, బోయ కన్నప్ప, ఏమీ ఎరగని ముగ్ధ గొడగూచి వంటి వారే అందులో మహాభక్తులు. ఆయనదే అయిన పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం మరీ విలువైనది. శివరాత్రికి శ్రీశైలం కొండెక్కే యాత్రికుల సందడిని అందులో కళ్లకు కట్టాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, నివాళి పదాలు వంటి ఆనాటి జానపద గేయాల పేర్లు మనకు మిగిలాయంటే ఆయన చలవే. శతాబ్దాల పాటు తాళపత్రాల్లో ఉన్న బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించగా 1926లో ఆంధ్రగ్రంథమాల అచ్చువేసింది. పండితారాధ్య చరిత్ర చిలుకూరి నారాయణరావు పరిష్కరణతో 1939లో వెలువడింది.

సోమనాథుడు శివుణ్ణి తప్ప మరో దేవుణ్ణి ఒప్పుకోని వీరశైవుడు. పాలకుర్తికి కొద్ది దూరంలోనే ఉన్న బమ్మెరకు చెందిన పోతన 15వ శతాబ్దంలో ఇంకో దారి చూపాడు. శైవ కుటుంబంలో పుట్టి, వీరభద్ర విజయం రాసిన ఆ కవి భాగవతాన్ని తెలుగు చేశాడు. చంద్రగ్రహణం నాడు నదీస్నానం చేసి మహేశ్వరుణ్ణి ధ్యానిస్తుంటే రాముడు కనిపించి భాగవతం రాయమన్నాడని తన అవతారికలో ఆయనే చెప్పుకున్నాడు. శివధ్యానంలో ఉన్నవాడికి రామదర్శనం! జంట గుహల గుట్ట ఉన్న సీమలో ఈ మాట ఎవరికీ వింతగా తోచదు.

ఇదే మండలంలోని వల్మిడిలోనూ గుట్ట మీద రామాలయం ఉంది. వాల్మీకి అక్కడ తపస్సు చేశాడని స్థానికులు చెప్పుకుంటారు. పాలకుర్తి, బమ్మెర, వల్మిడి ఒకదానికొకటి దగ్గర కావడంతో యాత్రికులు మూడింటినీ ఒకే ప్రయాణంలో చూసి వస్తారు.

ఇటీవలి చరిత్రలో పాలకుర్తి పేరు చాకలి ఐలమ్మతో ముడిపడింది. 1940వ దశకంలో ఆమె మల్లంపల్లి దొర భూమిని కౌలుకు తీసుకుని సాగుచేసింది. పండిన పంటను కాజేయాలని విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలవడంతో ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది. దొరల గడీని ఎదిరించవచ్చని చుట్టుపక్కల పల్లెలకు తెలిసొచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమురయ్య చనిపోవడంతో తెలంగాణ రైతాంగ పోరాటం సాయుధ మార్గం పట్టింది. మాచయ్యను మహాభక్తుడిగా నిలిపిన కవి ఊళ్లోనే, అదే వృత్తికి చెందిన స్త్రీ దొరతనాన్ని నిలదీసింది. 1985 సెప్టెంబర్ 10న ఆమె కన్నుమూసింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు.

పాలకుర్తి 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. రైల్లో వచ్చేవారు సికింద్రాబాద్–కాజీపేట మార్గంలోని జనగామలోనో, స్టేషన్ ఘన్‌పూర్‌లోనో దిగి రోడ్డు మార్గాన పాలకుర్తి చేరుకోవచ్చు.