‘ఆగు’ అనడానికి ఒక్క బైటు

రాత్రి పదకొండు దాటాక కూడా నల్లటి తెర ముందు కూర్చుని ‘బ్రేక్ మెయిన్’ అని కొట్టేవాళ్ళు మన ఇళ్ళల్లో ఒకరైనా ఉంటారు. ప్రోగ్రాము పరిగెడుతూ ఆ చోటికి రాగానే ఠక్కున ఆగుతుంది. అప్పుడు తప్పెక్కడుందో తీరిగ్గా వెదుక్కోవచ్చు. ఈ ఆగడం వెనక ఉన్న కథలో ముఖ్యమైన ఘట్టం మన శాంటా క్లారాదే.

మాట మాత్రం ఇక్కడిది కాదు. 1946లో ఫిలడెల్ఫియాలో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రంలో ప్రోగ్రాము అంటే తీగల అల్లిక. ఒక తీగ పీకేస్తే లెక్క అక్కడితో ఆగేది. తెంచిన చోటు కనక బ్రేక్‌పాయింటు. ఆ ఊహ బెట్టీ హోల్బర్టన్‌దని చెబుతారు. ఎనియాక్‌కి మొదటి ప్రోగ్రాములు కూర్చిన ఆరుగురు స్త్రీలలో ఆవిడ ఒకరు. ఆ ఆరుగురి పేర్లూ చాలా ఏళ్ళపాటు ఎవరికీ పట్టలేదు.

తర్వాత 1960ల మొదట్లో ఎమ్.ఐ.టి.లో పీడీపీ-1 మీద పుట్టిన డిబగ్గరు పేరు డీడీటీ. మలేరియా వాళ్ళు మన ఊళ్ళలో గోడలకి కొట్టిన మందు పేరే! పురుగుల్ని ఏరేది కదా మరి.

తీగలు పోయి ప్రోగ్రాము మెమరీలోకి చేరాక, ఆపాలంటే ఒక ఆదేశాన్ని తీసి, ఆ చోట ‘ఆగు’ అనే ఆదేశం పెట్టాలి. చిక్కంతా ఇక్కడే. ఇంటెల్ చిప్పుల్లో ఆదేశాలన్నీ ఒకే పొడుగు కావు. ఒక్క బైటు ఆదేశం ఉన్నచోట రెండు బైట్లది ఇరికిస్తే పక్క ఆదేశం తల తెగుతుంది. మరెక్కడినుంచో ప్రోగ్రాము సరిగ్గా ఆ పక్కదానిమీదికే గెంతిందా, ఇక అంతే సంగతులు.

శాంటా క్లారాలోని ఇంటెల్ 1978లో 8086 చిప్పుని విడుదల చేసింది. దాని ఆదేశాల రూపకర్త స్టీఫెన్ మోర్స్. అందులో ‘ఇంట్’ ఆదేశం మామూలుగా రెండు బైట్లు. మూడో నంబరుకి మాత్రం ప్రత్యేకంగా ఒక్క బైటు రూపం కూడా ఇచ్చారు. అదే సీసీ, మన లెక్కలో 204. ఒక బైటులో పట్టే సంకేతాలు మొత్తం 256. అంత ఇరుకులో ఒక గదిని తప్పులు వెదికేవాడికి వదిలిపెట్టడం పెద్దమనసే అంటాను.

1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ ఈ చిప్పుల మీద ఆ గదిలోనే కాపురం పెట్టింది. మనం అడిగిన చోట ఉన్న బైటుని దాచుకుని సీసీ పెడుతుంది. ప్రోగ్రాము దాన్ని తొక్కి ఆగాక, మనం ముందుకి నడవమంటే పాత బైటుని తిరిగి పెట్టి, ఒక్క అడుగు వేయించి, మళ్ళీ సీసీ పెట్టేస్తుంది. ప్రోగ్రాముకి తన ఒంట్లో బైటు మారిన సంగతే తెలియదు.

రాయడానికి వీల్లేని రోమ్ చిప్పులో, అంటే చదవడానికే తప్ప దిద్దడానికి కుదరని మెమరీలో, ఈ ఎత్తు పారదు. అందుకని 1985 నాటి 80386లో నాలుగు చిరునామాలు గుర్తుపెట్టుకునే రిజిస్టర్లు చేర్చారు. ‘హెచ్‌బ్రేక్’ అంటే జీడీబీ వాటిని వాడుతుంది. ఒక చలరాశి విలువ ఎవరు మార్చారో పట్టుకోవడానికీ అవే. 64 బిట్ల చిప్పులు వచ్చినా ఆ నాలుగు నాలుగుగానే ఉన్నాయి. ఐదో చిరునామా అడిగితే, ముందు పెట్టినవాటిలో ఒకటి తీసెయ్యాల్సిందే.