ఇంటికి వెచ్చదనము: గోడ ముందా, యంత్రము ముందా?

చలిదేశములలో క్రొత్త ఇల్లు కట్టుకొనువారికి తప్పని ప్రశ్న యొకటి కలదు. ఇంటిని దేనితో వెచ్చబెట్టవలెను? కట్టెల పొయ్యితోనా, గ్యాసు బాయిలరుతోనా, విద్యుత్తుతోనా? కుంపటితో చలికాలము గడపు మనకు ఈ ప్రశ్న క్రొత్తగా తోచవచ్చును. కాని దీనికి సమాధానము వెదకిన చరిత్ర భౌతికశాస్త్ర విద్యార్థి తెలిసికొనదగినది. ఏలయన, యంత్రమును గూర్చి అడిగిన ప్రశ్నకు జవాబు చివరకు గోడలో దొరకినది.

చాలకాలము వరకు శాస్త్రజ్ఞుల దృష్టి అంతయు పొయ్యి మీదనే నిలిచెను. 1740 దశకములో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇనుప పొయ్యిని రూపొందించెను. 1790 దశకములో రమ్‌ఫర్డ్ ప్రభువు పొగగూటి ఆకారమును సవరించి, వేడి గదిలోనికి ఎక్కువగా వచ్చునట్లు చేసెను. తరువాత బొగ్గు వచ్చెను, పిమ్మట చమురు వచ్చెను. ఇంధనము చౌక, కనుక ఇల్లు చల్లబడినచో నేలమాళిగలో ఇంకను పెద్ద బాయిలరు పెట్టుటయే పరిష్కారమాయెను. వేడి ఎటు పోవుచున్నదని అడిగినవారు అరుదు.

ఈ కాలముననే మరియొక మార్గము పుట్టినది. నీరు పల్లమునకు పారునట్లు, ఉష్ణము సహజముగా వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు పోవును. పని చేసి దానిని ఎదురు నడిపింపవచ్చును. 1852లో విలియం థామ్సన్, అనగా తరువాతి కెల్విన్ ప్రభువు, ఈ సూత్రముతో భవనములను వెచ్చబెట్టవచ్చునని ప్రతిపాదించెను. అదే దశకములో ఆస్ట్రియాలో పీటర్ ఫాన్ రిట్టింగర్ ఉప్పునీటిని ఇగుర్చుటకు ఇట్టి యంత్రమును నిర్మించెను. 1938 నాటికి స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగర సభాభవనము, ప్రక్కన పారు లిమ్మాట్ నది చల్లని నీటినుండియే ఉష్ణమును గ్రహించి వెచ్చబడుచుండెను. దీనినే ఉష్ణపంపు అందురు. ఇది ఒక యూనిట్ విద్యుత్తు తీసికొని మూడు యూనిట్ల ఉష్ణము నీయగలదు. శక్తి శూన్యమునుండి పుట్టుట లేదు. తక్కిన రెండు యూనిట్లు బయటి గాలినుండియో, నీటినుండియో, నేలనుండియో వచ్చినవే. చమురు చౌకగా దొరకుటచే ఈ యంత్రము చిరకాలము ఇండ్లలో వ్యాప్తి చెందలేదు.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము వచ్చెను. పీపా సుమారు 3 డాలర్లున్న ముడిచమురు ధర 1974 జనవరి నాటికి 12 డాలర్ల సమీపమునకు పోయెను. అప్పుడు ఇంజనీర్లు గోడవైపు చూచిరి.

డెన్మార్క్‌లో లింగ్‌బీ సాంకేతిక విశ్వవిద్యాలయమున వాన్ కోర్స్‌గార్డ్ మున్నగువారు 1975లో ఒక ప్రయోగ గృహమును కట్టిరి. దాని గోడలలో 30 సెంటీమీటర్లకు తగ్గని ఉష్ణ నిరోధక పదార్థమును నింపిరి. ఎండనుండి వేడిని గ్రహించుటకు 42 చదరపు మీటర్ల ఫలకములను, ఆ వేడిని చలికాలమునకు దాచుటకు 30 ఘనపు మీటర్ల నీటితొట్టిని అమర్చిరి. శాస్త్రము సరియైనదే, కాని సామాన్యుడు అంత తొట్టి నెక్కడ పెట్టుకొనును?

కెనడాలోని రెజీనా పట్టణమున చలి సున్నాకు 30 డిగ్రీల దిగువకును పోవుట కలదు. అక్కడ సస్కాచువాన్ రాష్ట్ర ప్రభుత్వము సూర్యశక్తితో వెచ్చబడు ఇల్లొకటి కావలెనని కోరెను. హెరాల్డ్ ఓర్ మున్నగు ఇంజనీర్లు లెక్క వేసి చూచిరి. వేడి మిక్కిలి అవసరమైన దినములలోనే పగళ్లు పొట్టివి. కనుక వేడిని సంపాదించుటకంటె పోకుండ ఆపుట మేలని నిశ్చయించిరి. 1977లో పూర్తియైన ఆ ఇంటి గోడలు సుమారు 30 సెంటీమీటర్ల మందము గలవి. సందులగుండా గాలి చొరకుండ పలుచని పొర నొకటి పరచిరి. గాలి చొరని ఇంటిలో తేమయు దుర్గంధమును నిలిచిపోవును గదా! అందులకై ఉష్ణ వినిమయ యంత్రమును పెట్టిరి. వెలుపలికి పోవు పాత గాలి తన వేడిని లోనికి వచ్చు క్రొత్త గాలికి అప్పగించి పోవును. ఈ ఇంటికి ఫర్నేసు అవసరము లేకపోయెను. ప్రభుత్వము కోరిన సూర్యశక్తి పరికరములను కూడ అమర్చిరి గాని, కొన్ని యేండ్లకు వానిని తీసివేసిరి. గోడలు మాత్రము నిలిచినవి.

గోడ మహిమను తెలిసికొనుటకు చిన్న లెక్క చాలును. ఒక డిగ్రీ భేదమున్నపుడు ఒక చదరపు మీటరు గోడగుండా ఎన్ని వాట్ల ఉష్ణము పోవునో తెల్పు అంకెను ఆ గోడ గుణకమందురు. ఈ గుణకమును, వైశాల్యమును, ఉష్ణోగ్రతా భేదమును గుణించినచో నష్టము తెలియును. తొమ్మిది అంగుళముల ఇటుక గోడకు గుణకము సుమారు 2. గోడల వైశాల్యము 100 చదరపు మీటర్లు, లోపల 20 డిగ్రీలు, బయట సున్నాకు 10 డిగ్రీల దిగువ అనుకొందము. భేదము 30 డిగ్రీలు; నష్టము 6,000 వాట్లు. గుణకమును 0.14కు తగ్గించినచో నష్టము 420 వాట్లు మాత్రమే.

ఈ 0.14 ఊహించిన అంకె కాదు. 1988లో స్వీడన్ దేశపు బో ఆడమ్సన్, జర్మనీ దేశపు వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కలిసి ఆలోచించిన ఇంటి గోడది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో అట్టి నాలుగిండ్ల వరుసను కట్టగా, 1991లో కుటుంబములు కాపురమునకు వచ్చినవి. ఒక్కొక్క ఇల్లు 156 చదరపు మీటర్లు. ఆ దినములలోని పాత ఇండ్లలో చదరపు మీటరుకు ఏడాదికి 150 యూనిట్లకు పైగా ఉష్ణము సామాన్యముగా ఖర్చగుచుండెను. ఇక్కడ కొలువగా సుమారు 10 యూనిట్లు తేలినది.

ఫైస్ట్ ఈ ఇండ్లకు ఒక హద్దు పెట్టెను: అతి చలిదినమున కూడ చదరపు మీటరుకు 10 వాట్లు మించరాదు. ఈ హద్దు ఎట్లు వచ్చినది? మనిషికి గంటకు 30 ఘనపు మీటర్ల మంచిగాలి కావలెను. మనిషికి 30 చదరపు మీటర్ల నేల ఉన్నచో, చదరపు మీటరుకు గంటకు ఒక ఘనపు మీటరు గాలి వచ్చును. దానిని ఒక డిగ్రీ వెచ్చబెట్టుటకు 0.33 వాట్-గంట పట్టును. గాలిని 50 డిగ్రీలకు మించి కాచినచో అందలి దుమ్ము మాడి వాసన వేయును. కనుక 20 నుండి 50 వరకు 30 డిగ్రీలే పెంచవచ్చును. 30ని 0.33తో గుణించిన సుమారు 10. అనగా పీల్చుటకు తెచ్చిన గాలియే ఇంటిని వెచ్చబెట్టగలదు. 156 చదరపు మీటర్ల ఇంటికి కావలసినది 1,560 వాట్లు. మన స్నానాల గదిలోని గీజరు తీసికొనునది 2,000 వాట్లు!

ఇప్పుడు యంత్రమును ఎన్నుకొందము. ఇంత చిన్న అవసరమునకు పెద్ద బాయిలరు మాటిమాటికి వెలిగి ఆరుచుండును. కట్టెల పొయ్యి అది ఉన్న గదిని ఉడికించును. పాత ఇంటికి ఏడాదికి 23,400 యూనిట్లు కావలసినపుడు ఉష్ణపంపు 15,600 యూనిట్లను మిగుల్చును. డార్మ్‌స్టాట్ వంటి ఇంటిలో కావలసినవే 1,560, మిగులునవి 1,040. ఖరీదైన పంపునకు ఈ పొదుపు చాలునా? వెచ్చదనమునకే అయినచో సందేహమే. కాని స్నానమునకు, వంటపాత్రలకు వేడినీరు ఏడాది పొడుగునను కావలెను. అట్టి ఇంటిలో దానికగు ఖర్చు గదుల వేడి ఖర్చును మించుటయు కలదు. రెండు పనులకు కలిపి చిన్న ఉష్ణపంపు నొకటి పెట్టుట అందుచేతనే సమంజసము.

ప్రభుత్వములు కూడ ఈ దారి పట్టినవి. క్రొత్త కట్టడములలో చమురు, గ్యాసు బాయిలర్లను పెట్టుటను డెన్మార్క్ 2013లో నిషేధించెను. నెదర్లాండ్స్‌లో 2018 జూలై నుండి క్రొత్త ఇండ్లకు సాధారణముగా గ్యాసు గొట్టము వేయుట లేదు. యంత్రము పాడైనచో మార్చవచ్చును. గోడ ఇల్లున్నంత కాలము ఉండును. కట్టునాడు చేసిన పొరపాటుకు బిడ్డలు కూడ ఇంధనపు బిల్లు చెల్లింపవలెను.

మన దేశమున ఉష్ణము బయటినుండి లోనికి వచ్చును. గుర్తు మారినదే గాని సూత్రము మారలేదు. విద్యార్థులు తమ తరగతి గది గోడల వైశాల్యమును కొలిచి, మే నెల మధ్యాహ్నపు ఉష్ణోగ్రతతో ఈ లెక్క కట్టి చూడవచ్చును. ఎండ నేరుగా పడు పైకప్పునకు ఈ లెక్క చాలదు. అక్కడ వచ్చు వేడి ఇంకను ఎక్కువ. ఎన్ని టన్నుల ఎయిర్ కండిషనర్ కావలెనని అంగడిలో అడుగుటకు ముందు కట్టవలసిన లెక్క అదియే.