స్కీలకి మైనం ఎన్నాళ్ళకోసారి?

ఇనప పెనం వాడే ఇల్లాలిని "ఎన్నాళ్ళకోసారి నూనె పట్టిస్తావమ్మా?" అని అడిగి చూడండి. వారానికనీ నెలకనీ చెప్పదు. "అట్టు అంటుకుంటే తెలియదూ?" అంటుంది. మంచుదేశాల వాళ్ళు తమ స్కీల గురించి ఇదే ప్రశ్న వందల ఏళ్ళుగా ఒకర్నొకరు అడుక్కుంటున్నారు. జవాబు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

స్కీలంటే తెలియనివాళ్ళు ఇప్పుడు తక్కువే. అమెరికాలో ఉన్న పిల్లలు శీతాకాలం సెలవుల్లో కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని కొండ మీంచి జారుతున్న ఫొటోలు పంపుతూనే ఉంటారు. అవి ఆటవస్తువులనే మనం అనుకుంటాం. కాని నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు అవి మన ఎడ్లబండి లాంటివి. నెలల తరబడి నేల కనపడని చోట వేటకి వెళ్ళాలన్నా, చర్చికి వెళ్ళాలన్నా, పొరుగూరు వెళ్ళాలన్నా అవే దిక్కు. ఉత్త కాళ్ళతో బయల్దేరితే నడుం దాకా కూరుకుపోవడమే. స్కీ అనే మాటకి ఆ ప్రాంతపు పాత భాషలో అర్థం చీల్చిన చెక్క. అంతకన్నా గొప్ప అర్థమేమీ లేదు.

1924లో ఉత్తర స్వీడన్‌లో కాల్వ్‌త్రస్క్ అనే చోట బురదనేలలో ఒక స్కీ దొరికింది. దాని వయసు 5 వేల ఏళ్ళ పైమాటే. అయితే నాకు దానికన్నా నార్వేలోని డిగర్వార్డెన్ కొండ మీద దొరికిన జత ముచ్చటగా ఉంటుంది. కరుగుతున్న మంచుగడ్డలోంచి 2014లో ఒకటి బయటపడింది. దాని జోడు కనపడడానికి మరో ఏడేళ్ళు పట్టింది. తీరా చూస్తే 2021లో అది దొరికింది మొదటిదానికి 5 మీటర్ల దూరంలోనే! ఇవి 1300 ఏళ్ళ నాటివి. పరీక్షగా చూస్తే రెండూ ఒక్కలా లేవు. రెండూ వాడి వాడి అరిగినవే. మరమ్మతు చేసిన గుర్తులు ఉన్నాయి. దేని అరుగుదల దానిదే, దేని అతుకు దానిదే. అంటే ఎవరో పెద్దమనిషి వేరువేరు పాత స్కీలని బాగుచేసుకుని జతగా వాడుకున్నాడన్నమాట. నన్నడిగితే రాజుల శాసనాలకన్నా ఆ అతుకే ఎక్కువ చరిత్ర చెబుతుంది.

చెక్కకి శత్రువు నీళ్ళు. తడి పీల్చిన చెక్క ఉబ్బుతుంది, దానికి మంచు ముద్దలుగా అంటుకుంటుంది, అడుగు తీసి అడుగు వెయ్యలేరు. అంచేత పైన్ చెట్ల మొదళ్ళనీ వేళ్ళనీ గాలి సరిగా ఆడకుండా గుంటలో కాల్చి తారు దింపేవారు. దాన్ని స్కీ అడుగున పూసి సెగ చూపిస్తే చెక్కలోకి ఇంకేది. సామీ జాతి వాళ్ళ గురించి యోహాన్నెస్ షెఫర్ అనే పండితుడు 1673లో వేసిన 'లాపోనియా' పుస్తకంలో కూడా ఈ పూత ప్రసక్తి ఉంది. చలికాలానికి ముందు ఒకసారి గట్టిగా పట్టించి, అరిగినచోట మళ్ళీ పూసుకుంటే సరిపోయేది.

అసలు గొడవ పందేలతో వచ్చింది. 1860ల్లో కాలిఫోర్నియా కొండల్లో బంగారం తవ్వే పనివాళ్ళు, మంచుకి పని సాగని రోజుల్లో స్కీ పందేలు పెట్టుకునేవారు. నిటారు వాలు మీంచి తిన్నగా దూకడమే. గెలుపంతా అడుగున రాసే పూతలో ఉంది. తిమింగలం తలలోంచి తీసే మైనం, పైన్ బంక, కర్పూరం కలిపి కాచేవారు. చలి మంచుకి ఒక పాకం, తడి మంచుకి ఇంకో పాకం. ఆవకాయ పాళ్ళు కోడలికి కూడా చెప్పని అత్తగార్లలాగా ఎవరి రహస్యం వాళ్ళు దాచుకునేవారు!

నార్వే వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. వాళ్ళు దిగడమే కాదు, ఎక్కాలి కూడా. దిగేటప్పుడు జారాలి, ఎక్కేటప్పుడు జారకూడదు. ఒకే చెక్క రెండు పనులూ చెయ్యాలంటే ఎలా? 1913లో పీటర్ ఓస్ట్‌బీ అనే ఆయన జిగురులాంటి మైనానికి పేటెంటు తీసుకున్నాడు. 1946లో స్వీడన్‌లో స్విక్స్ కంపెనీ పుట్టి, బాగా చలికి ఆకుపచ్చ, తర్వాత నీలం, చలి తగ్గితే ఎరుపు అంటూ రంగుల మైనాలు అమ్మింది. ఇక ఏడాదికోసారి అన్నది పోయి, పొద్దున్నే థర్మామీటరు చూసుకుని మైనం మార్చుకునే రోజులొచ్చాయి.

ఈ శ్రద్ధంతా పందేలకే అనుకోకండి. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరిన అమండ్సెన్ బృందం ఐదుగురిలో ఓలావ్ బ్యోలాండ్ ఒకడు. టెలిమార్క్ సీమ వాడు, స్వయంగా స్కీలు చేసే చెయ్యి. సూర్యుడు కనపడని నెలల్లో, మంచు కింద తవ్వుకున్న గదిలో కూర్చుని సామాన్ల స్లెడ్జిలని చిత్రిక పట్టి బరువు తగ్గించాడు. ప్రయాణంలో స్కీల తోలు పట్టీలని రాత్రిపూట విప్పి గుడారంలోకి తెచ్చుకునేవారట. ఎందుకంటారా? బయట వదిలితే కుక్కలు తినేస్తాయి! అక్కడ పట్టీ పోతే ప్రాణమే పోయినట్టు.

1926లో ఆస్ట్రియాలో రుడాల్ఫ్ లెట్‌నర్ స్కీ అంచులకి ఉక్కు రేకు బిగించాడు. గట్టి మంచు మీద పట్టు దొరికింది, కూడా తుప్పూ వచ్చింది, ఆకురాయితో సానపెట్టే పనీ వచ్చింది. 1950ల్లో అడుగు ప్లాస్టిక్ అయింది. తారు వాసన ఇళ్ళలోంచి పోయింది.

1980ల్లో ఫ్లోరిన్ కలిపిన మైనాలు వచ్చాయి. మహా వేగం. పొడి డబ్బా ఖరీదూ అంతే. అయితే వాటిని వేడి ఇస్త్రీ పెట్టెతో కరిగించి రాసే పనివాళ్ళు ఆ పొగ పీల్చేవారు. వాళ్ళ రక్తం పరీక్షిస్తే, శరీరంలోంచి ఓ పట్టాన పోని ఆ రసాయనాలు మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పతకం ఎవరికో, పొగ ఇంకెవరికో. చివరికి 2023-24 పోటీల నుంచి అంతర్జాతీయ స్కీ సంఘం వాటిని పూర్తిగా నిషేధించింది. ఆ పని ఇరవై ఏళ్ళ ముందే చెయ్యాల్సింది.

మరి సెలవుల్లో సరదాకి జారేవాళ్ళ మాటేమిటి? నాలుగైదు రోజుల వాడకానికి ఒకసారి మైనం పెట్టమంటారు. కాని లెక్కకన్నా కన్ను నయం. అంచుల పక్కన అడుగు తెల్లగా, పొడిబారిన చర్మంలా కనిపిస్తే మైనం అడుగుతోందన్నమాట. గరుకు మంచు రెండు రోజుల్లోనే తినేస్తుంది, మెత్తటిదైతే వారం ఆగుతుంది. ఇస్త్రీ పెట్టెతో కరిగించి రాసి, పొగ వస్తే వేడి తగ్గించి, చల్లారాక గీకెయ్యాలి. అంచు పదును చూడాలంటే గోరు అడ్డంగా ఆనించి లాగాలి. గోటిపొడి రాలితే పదునున్నట్టే. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవడం మాత్రం రోజూ చెయ్యాల్సిందే, లేకపోతే తెల్లారేసరికి అంచుకి తుప్పు. మంచుకాలం అయిపోయాక దళసరిగా మైనం పూసి గీకకుండా అలాగే ఉంచేస్తారు. అది వేసవంతా కాపలా కాస్తుంది.

ఇవన్నీ ఇంట్లో చేసుకునేవే. ఒక్క బూటుని పట్టి ఉంచే బిగింపు మాత్రం వేరు. పడ్డప్పుడు అది సమయానికి వదలాలి, వదలకపోతే కాలు విరుగుతుంది. ఏడాదికోసారి కొట్లో ఇచ్చి, మిషను మీద పెట్టి చూపించుకోవాలి. పిల్లలు ఒడ్డూ పొడుగూ మారితే ఏడాది కూడా ఆగకూడదు.